పాత రాక్ అండ్ రోల్ రికార్డు కొత్తగా కొంటున్నారా? 180 గ్రాములు కాదు, ఇవి చూడండి

ఎల్విస్ ప్రెస్లీ 1954లో మెంఫిస్‌లో సన్ రికార్డ్స్‌కి పాడిన పాటలు ఇప్పుడు కొత్త వినైల్‌పై రకరకాల లేబుళ్ల పేరుతో దొరుకుతున్నాయి. ఇన్ని ఎందుకంటే, యూరప్‌లో 1963కి ముందు విడుదలైన రికార్డింగ్‌లపై సౌండ్ కాపీరైట్ అయిపోయింది. అక్కడ ఎవరైనా ప్రెస్ చేసి అమ్ముకోవచ్చు. కానీ ఒరిజినల్ టేపు వాళ్ల చేతిలో ఉండాలి కదా! అది లేక కొందరు సీడీ నుంచే తీసి వినైల్‌పైకి ఎక్కిస్తారు. అంటే మనం డబ్బులు పెట్టి పెద్ద సైజు సీడీ కొన్నట్టే.

కవర్ మీద 180 గ్రాములు అని పెద్దక్షరాల్లో ఉంటే మురిసిపోకండి. అది ప్లాస్టిక్ బరువు, సౌండ్ క్వాలిటీ కాదు. నేనైతే వెనక్కి తిప్పి, ఏ టేపు నుంచి, ఎవరు మాస్టరింగ్ చేశారో చూస్తా. ఆ వివరం లేకపోతే పక్కన పెట్టేస్తా.

ఇంకోటి, మోనో. ఆ పాటలు రికార్డయిందే మోనోలో. 1960ల్లో కంపెనీలు అలాంటి వాటికి ఎకో, ఫిల్టర్లు కలిపి దొంగ స్టీరియో చేశాయి, వినడానికి గుహలో పాడినట్టుంటుంది. కాబట్టి మోనో అని ఉన్నదే తీసుకోండి. మీ కార్ట్రిడ్జ్ స్టీరియోదైనా పర్లేదు, ఇప్పటి రీఇష్యూలు దానిమీద బాగానే ప్లే అవుతాయి. యాంప్లిఫయర్‌కి మోనో బటన్ ఉంటే నొక్కి చూడండి, చిటపటలు కొంత తగ్గుతాయి.