యూనిట్ - 9 : తక్కువ ఖర్చుతో తనదైన వేషధారణ - దేహ ప్రతిబింబం

9.0 లక్ష్యాలు

ఈ యూనిట్ చదివిన తర్వాత మీరు:
• దేహ ప్రతిబింబం అంటే ఏమిటో వివరించగలుగుతారు.
• రెడీమేడ్ దుస్తుల సైజులు ఎలా ఏర్పడ్డాయో, వాటి పరిమితులు ఏమిటో చెప్పగలుగుతారు.
• దేహ ప్రతిబింబంపై ప్రచార మాధ్యమాల ప్రభావాన్ని ఉదాహరణలతో చర్చించగలుగుతారు.
• మీ ఆదాయానికి తగిన దుస్తుల ప్రణాళికను తయారు చేసుకోగలుగుతారు.

9.1 పరిచయం

పండుగకో, పెళ్లికో బట్టల దుకాణానికి వెళ్తాం. నచ్చిన కుర్తా తీసుకుని ట్రయల్ రూమ్‌లోకి వెళ్లి వేసుకుంటే చేతుల దగ్గర బిగిసిపోతుంది. ఆ క్షణంలో మన నోటివెంట వచ్చే మాట ఏమిటో ఒకసారి గుర్తు చేసుకోండి. 'ఈ కుర్తా నాకు సరిపోలేదు' అంటామా, 'నేను లావైపోయాను' అంటామా? మొదటి వాక్యంలో లోపం బట్టది. రెండో వాక్యంలో లోపం మనిషిది. చాలామంది రెండో వాక్యమే అంటారు.

నేను అధ్యయన కేంద్రంలో ఆదివారం తరగతులు చెప్పిన రోజుల్లో ఒక అభ్యాసకురాలు వరుసగా మూడు తరగతులకు రాలేదు. నాలుగో వారం దారిలో కనిపిస్తే కారణం అడిగాను. 'బాబు పుట్టాక జాకెట్లు ఒక్కటీ పట్టడం లేదు మేడమ్. ఇప్పుడు కొత్తవి కుట్టించుకోవడం దండగ, కాస్త సన్నబడ్డాక వద్దామనుకున్నాను' అంది. ఫీజు కట్టి, పుస్తకాలు తెచ్చుకుని, ఇంటిపని ముగించుకుని చదువుకుంటున్న మనిషి, అంగుళంన్నర బిగువు దగ్గర ఆగిపోయింది.

వేషధారణ చిన్న విషయమనీ, దాని గురించి పాఠం ఎందుకనీ మీలో కొందరు అనుకోవచ్చు. తరగతికి, ఇంటర్వ్యూకు, బంధువుల ఇంటికి వెళ్లడం మానుకునేలా చేసే విషయం చిన్నది కాదు. ఈ యూనిట్‌లో ముందుగా ఆ బిగువు ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకుందాం. ఆ తర్వాత తక్కువ ఖర్చుతో దాన్ని ఎలా సరిచేసుకోవచ్చో చూద్దాం.

9.2 దేహ ప్రతిబింబం అంటే ఏమిటి?

మన శరీరం గురించి మన మనసులో ఉండే చిత్రాన్ని 'దేహ ప్రతిబింబం' అంటారు. ఆంగ్లంలో దీన్ని బాడీ ఇమేజ్ అని వ్యవహరిస్తారు. ఆస్ట్రియాకు చెందిన మానసిక వైద్యుడు పాల్ షిల్డర్ 1935లో ప్రచురించిన గ్రంథంలో ఈ భావనను విస్తారంగా చర్చించాడు. అద్దంలో కనిపించేది శరీరం. అద్దం ముందు నిలబడినప్పుడు మనకు కలిగే భావన దేహ ప్రతిబింబం. ఈ రెండూ ఒకటి కావు.

దేహ ప్రతిబింబంలో మూడు అంశాలు ఉంటాయి. మన శరీరం ఎలా ఉందని అనుకుంటున్నామన్నది మొదటిది. దాని గురించి సంతోషమో, సిగ్గో, ఏ భావం కలుగుతుందన్నది రెండోది. ఆ భావం వల్ల మనం ఏం చేస్తాం, ఏం మానేస్తాం అన్నది మూడోది. పైన చెప్పిన అభ్యాసకురాలి విషయంలో మూడో అంశం స్పష్టంగా కనిపిస్తుంది.

ఇది స్త్రీల సమస్య మాత్రమే కాదు. పొట్టిగా ఉన్నానని, జుట్టు ఊడిపోతోందని, బక్కగా ఉన్నానని బాధపడే యువకులు మన తరగతుల్లోనే ఉన్నారు. మన ఇళ్లలో పలకరింపు కూడా శరీరంతోనే మొదలవుతుంది. 'ఏమిటలా చిక్కిపోయావు?' అని ఒకరంటే, 'బాగా ఒళ్లు చేశావే' అని మరొకరంటారు. అన్నవారికి అది ఆప్యాయత. విన్నవారి మనసులో మాత్రం ఆ మాట చాలాకాలం నిలిచిపోవచ్చు.

9.3 సైజు సంఖ్య ఎలా పుట్టింది?

చీరకు, పంచెకు సైజు లేదు. అయిదున్నర మీటర్ల చీర తల్లికీ సరిపోతుంది, కూతురికీ సరిపోతుంది. కుచ్చిళ్లు ఎక్కువ తక్కువలతో అదే సర్దుకుంటుంది. కుట్టిన బట్టను దర్జీ మన కొలతలు తీసుకుని కుట్టినంత కాలం కూడా సైజు సంఖ్యతో అవసరం రాలేదు. ఎవరు తొడుగుతారో తెలియకుండా వేల సంఖ్యలో బట్టలు ముందే కుట్టి అమ్మడం మొదలైనప్పుడు సైజు సంఖ్య అవసరమైంది.

అమెరికాలో పోస్టు ద్వారా బట్టలు అమ్మే కంపెనీలకు, సరిపోక తిరిగివచ్చే సరుకు పెద్ద నష్టంగా ఉండేది. అక్కడి వ్యవసాయ శాఖ దాదాపు 15,000 మంది స్త్రీల కొలతలు తీయించి, 1941లో ఆ ఫలితాలను ప్రచురించింది. రూత్ ఓబ్రయన్, విలియం షెల్టన్ ఈ అధ్యయనాన్ని నిర్వహించారు. ఒక్కొక్కరి నుంచి 50కి పైగా కొలతలు తీసుకున్నారు. అయితే చివరి లెక్కలో తెల్లజాతి స్త్రీల కొలతలనే వాడారు. ఇటువంటి సమాచారం ఆధారంగా 1958లో అక్కడ స్త్రీల దుస్తులకు ప్రామాణిక సైజులు ప్రకటించారు. 1983లో ఆ ప్రమాణాన్ని ఉపసంహరించుకున్నారు. ఆ తర్వాత ఏ కంపెనీ సైజు ఆ కంపెనీదే అయింది. కొనేవారిని సంతోషపెట్టడానికి పెద్ద కొలతకు చిన్న సంఖ్య వేసే పద్ధతి కూడా పెరిగింది. దీన్ని 'వ్యానిటీ సైజింగ్' అంటారు.

మన దేశ ప్రజల కొలతలపై ఆధారపడిన ప్రమాణం కోసం కేంద్ర జౌళి మంత్రిత్వ శాఖ తోడ్పాటుతో నిఫ్ట్ సంస్థ 'ఇండియా సైజ్' సర్వేను చేపట్టింది. హైదరాబాద్ సహా ఆరు నగరాల్లో 15 నుంచి 65 ఏళ్ల వయసు గల 25,000 మందిని త్రీడీ స్కానర్లతో కొలవడం దీని లక్ష్యం. ఇలాంటి సర్వే అవసరమైందంటేనే, మన దుకాణాల్లోని సైజులు చాలావరకు మన శరీరాలను కొలిచి వేసినవి కావని అర్థమవుతుంది.

మగవారి చొక్కా మీద '40' అని ఉందనుకోండి. కొన్ని కంపెనీలకు అది మెడచుట్టు కొలత, సెంటీమీటర్లలో. మరికొన్నింటికి ఛాతీ కొలత, అంగుళాలలో. కాబట్టి సైజు సంఖ్య ఒక కంపెనీ తన బట్టకు పెట్టుకున్న పేరు మాత్రమే. అది మీ శరీరానికి వేసిన మార్కు కాదు. ఒక దుకాణంలో 'ఎమ్', మరో దుకాణంలో 'ఎక్స్ఎల్' సరిపోతే, దారిలో మీరు లావు కాలేదు.

9.4 పోలిక, ప్రచార మాధ్యమాలు

మనిషి తన స్థితిని ఇతరులతో పోల్చుకుని అంచనా వేసుకుంటాడని లియాన్ ఫెస్టింగర్ 1954లో ప్రతిపాదించాడు. దీన్ని 'సామాజిక పోలిక సిద్ధాంతం' అంటారు. పూర్వం ఈ పోలిక ఊరిలోని పదిమందితో జరిగేది. ఇప్పుడు సినిమా తెరతో, ఫోన్ తెరతో జరుగుతోంది.

ఫిజీ దేశంలో జరిగిన ఒక అధ్యయనం ఇందుకు మంచి ఉదాహరణ. అక్కడ సంప్రదాయంగా నిండైన శరీరాన్ని మెచ్చుకునేవారు. నంద్రోగా ప్రాంతానికి 1995లో టెలివిజన్ వచ్చింది. యాన్ బెకర్, ఆమె సహచరులు అదే సంవత్సరం, తిరిగి 1998లో అక్కడి పాఠశాల బాలికలకు ఆహారపు అలవాట్ల మీద ప్రశ్నావళి ఇచ్చారు. ఆందోళన కలిగించే స్థాయి స్కోరు వచ్చినవారు 1995లో 12.7 శాతం ఉండగా, 1998 నాటికి 29.2 శాతానికి పెరిగారు. రెండుసార్లూ ప్రశ్నించినది ఒకే బాలికలను కాదు కాబట్టి, టెలివిజనే ఏకైక కారణమని తేల్చలేం. అయినా ఇంత తక్కువ కాలంలో వచ్చిన ఈ మార్పు ఆలోచించదగినది.

చిత్రాలను సరిదిద్ది చూపడం వల్ల కలిగే హానిని కొన్ని ప్రభుత్వాలు గుర్తించాయి. మోడల్ శరీరాన్ని సన్నగానో, లావుగానో మార్చిన వాణిజ్య చిత్రంపై ఆ విషయం రాయాలని ఫ్రాన్స్ 2017 నుంచి నిబంధన పెట్టింది. నార్వేలో ఇటువంటి చట్టం 2022లో అమల్లోకి వచ్చింది. మన దేశంలో 1975 నుంచి అమ్ముడవుతున్న 'ఫెయిర్ అండ్ లవ్లీ' క్రీము పేరులోంచి 'ఫెయిర్' అనే మాటను 2020లో తొలగించారు. పేరు మారినంత తేలికగా పెళ్లిచూపుల్లో రంగు గురించిన మాట మారలేదని మీకు తెలుసు.

మీ ప్రగతిని సరిచూసుకోండి - 1
1. దేహ ప్రతిబింబంలోని మూడు అంశాలు ఏవి?
2. సైజు సంఖ్య అన్ని కంపెనీలకూ ఒకేలా ఎందుకు ఉండదు?

9.5 'నప్పదు' అనే మాట

బట్టల ఎంపికలో మనం వినే సలహాలన్నీ పరీక్షించినవి కావు. 'అడ్డచారలు లావుగా చూపిస్తాయి' అన్నది అందులో ఒకటి. అడ్డగీతలతో నింపిన చతురస్రం నిలువుగీతలతో నింపిన దానికంటే సన్నగా, పొడవుగా కనిపిస్తుందని జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ 19వ శతాబ్దంలోనే గమనించాడు. 2011లో పీటర్ థాంప్సన్, కిరియాకి మికెలిడౌ మనుషుల బొమ్మలతో దీన్ని పరీక్షించారు. అడ్డచారలు మనిషిని లావుగా చూపించవని వారి ఫలితాలు తెలిపాయి.

'మీ రంగుకు ఇది నప్పదమ్మా' అని దుకాణంలో ఎవరైనా అంటే, ఆ బట్టను పగటి వెలుతురులో భుజం మీద వేసుకుని మీరే చూసుకోండి. నచ్చితే తీసుకోండి. తనదైన వేషధారణ అంటే ఖరీదైనది అని అర్థం కాదు. మీ పనికి, వాతావరణానికి, కదలికకు, ఇష్టానికి తగినదని అర్థం. వేసుకున్న అరగంట తర్వాత దాని సంగతి మరచిపోయి మీ పని మీరు చేసుకోగలిగితే, ఆ బట్ట మీకు నప్పినట్లే.

9.6 తక్కువ ఖర్చుతో దుస్తుల ప్రణాళిక

9.6.1 ఉన్నవాటి లెక్క

కొనడానికి ముందు బీరువా ఖాళీ చేయండి. బట్టలన్నింటినీ మూడు కుప్పలుగా వేయండి: ఇప్పుడు సరిపోయేవి, చిన్న మార్పుతో సరిపోయేవి, ఏం చేసినా సరిపోనివి. మూడో కుప్పను అవసరమైనవారికి ఇచ్చేయండి. 'సన్నబడ్డాక వేసుకుంటాను' అని దాచిన బట్ట, బీరువా తెరిచిన ప్రతిసారీ మిమ్మల్ని తప్పు పడుతుంది. నా పెళ్లినాటి జాకెట్లు నాలుగింటిని పద్దెనిమిదేళ్లు అలాగే దాచాను. ఇచ్చేసిన రోజున బీరువాతోపాటు మనసు కూడా తేలికపడింది.

9.6.2 ఒకసారి ధరించడానికి అయ్యే ఖర్చు

ధర ట్యాగు మీద ఉన్నది అసలు ఖర్చు కాదు. అసలు ఖర్చు తెలియాలంటే ఈ సూత్రాన్ని వాడండి:

ఒకసారి ధరించడానికి ఖర్చు = (ధర + మార్పుల ఖర్చు + ప్రత్యేక ఉతుకు ఖర్చు) ÷ ధరించిన సార్లు

ఉదాహరణకు, పెళ్లి కోసం రూ. 1,800కు ఒక డ్రెస్సు కొన్నారు. నాలుగుసార్లు వేసుకున్నారు. ప్రతిసారీ డ్రైక్లీనింగ్‌కు రూ. 150 అయింది. మొత్తం రూ. 2,400. అంటే ఒకసారికి రూ. 600. మరోవైపు రూ. 900కు నూలు కుర్తా కొని, రూ. 100తో సరిచేయించి, ఇంట్లో ఉతుక్కుంటూ 80 సార్లు వేసుకున్నారు. ఒకసారికి రూ. 12.50. పెళ్లి బట్ట కొనకూడదని దీని అర్థం కాదు. తరచుగా వేసుకునే బట్టకు కాస్త ఎక్కువ పెట్టినా నష్టం లేదు. అరుదుగా వేసుకునే బట్టకు అప్పు చేయనక్కరలేదు.

9.6.3 దర్జీ పని

తక్కువ ఖర్చుతో చక్కగా కనిపించడానికి దర్జీ పనిని మించిన మార్గం లేదు. ఈ కింది విషయాలు గుర్తుంచుకోండి:

• రెడీమేడ్ బట్ట కొనేటప్పుడు భుజం సరిపోయిందో లేదో ముందు చూడండి. భుజాన్ని సరిచేయడం కష్టం. పొడవు, పక్కలు, చేతుల వదులు సరిచేయడం తేలిక.
• శరీరంలో వెడల్పైన చోటికి సరిపోయే సైజు తీసుకోండి. మిగతా చోట్ల లోపలికి పట్టించవచ్చు. బట్టను బిగించడం ఎప్పుడూ సాధ్యమే. లోపల మిగులు గుడ్డ ఉంటేనే వదులు చేయడం వీలవుతుంది.
• జాకెట్టు కుట్టించుకునేటప్పుడు లోపల మార్జిన్ వదలమని, పక్కల్లో రెండు మూడు కుట్లు వేయమని చెప్పండి. ఒళ్లు మారినప్పుడు ఒక కుట్టు విప్పితే చాలు.
• నూలు గుడ్డ, లైనింగ్ గుడ్డ కుట్టించే ముందు నానబెట్టి ఆరబెట్టండి. లేకపోతే మొదటి ఉతుకుకే కుంచించుకుపోవచ్చు.
• ఛాతీ, నడుము, తుంటి కొలతలు కాగితం మీద రాసుకోండి. టేపు లేకపోతే దారంతో కొలిచి, దారాన్ని స్కేలుపై పెట్టండి. ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు సైజు సంఖ్యను కాక, ఆ కంపెనీ కొలతల పట్టికను మీ కొలతలతో పోల్చండి.

పరిచయంలో చెప్పిన అభ్యాసకురాలు తన ఆరు జాకెట్లను దర్జీ దగ్గరకు తీసుకువెళ్లింది. నాలుగింటికి లోపలి కుట్టు విప్పితే సరిపోయింది. మిగిలిన రెండింటికి చంక కింద అదే రంగు గుడ్డ అతికారు. తర్వాతి ఆదివారం తరగతికి వచ్చి ముందు వరుసలో కూర్చుంది. మూడు తరగతులు పోగొట్టుకున్న తర్వాత చేసిన ఈ పని, మొదటి వారంలోనే చేసి ఉండవచ్చు. 'నేను సరిగా లేను' అనుకోవడం వల్ల 'జాకెట్టు సరిగా లేదు' అన్న ఆలోచన ఆమెకు రాలేదు.

మీ ప్రగతిని సరిచూసుకోండి - 2
1. మీరు ఈ మధ్య కొన్న రెండు బట్టలకు ఒకసారి ధరించడానికి అయ్యే ఖర్చు లెక్కించండి.
2. రెడీమేడ్ బట్టలో భుజం కొలతను ముందు ఎందుకు చూడాలి?

9.7 సహాయం ఎప్పుడు తీసుకోవాలి?

అప్పుడప్పుడు అద్దం ముందు అసంతృప్తి కలగడం సహజం. అయితే ఒళ్లు తగ్గాలని తరచుగా భోజనం మానేయడం, తిన్నది కావాలని కక్కుకోవడం, నలుగురిలోకి వెళ్లడం పూర్తిగా మానుకోవడం, రోజంతా అదే ఆలోచనలో ఉండటం వంటివి కనిపిస్తే అది దుస్తులతో తీరే సమస్య కాదు. డాక్టరును సంప్రదించాలి. కేంద్ర ప్రభుత్వ టెలి మానస్ సహాయ కేంద్రానికి 14416 నంబరులో ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

9.8 సారాంశం

శరీరం గురించి మన మనసులోని చిత్రమే దేహ ప్రతిబింబం. ఇంటివారి మాటలు, మార్కెట్ సైజులు, ప్రచార చిత్రాలు దాన్ని ప్రభావితం చేస్తాయి. సైజు సంఖ్య వ్యాపార అవసరం కోసం పుట్టింది. అది కంపెనీకో రకంగా ఉంటుంది. బట్ట సరిపోకపోతే సరిచేయవలసింది బట్టనే. ఉన్నవాటిని లెక్కచూసుకోవడం, ఒకసారి ధరించడానికి అయ్యే ఖర్చును అంచనా వేయడం, దర్జీ పనిని వాడుకోవడం ద్వారా తక్కువ ఆదాయంలోనూ తనదైన వేషధారణ సాధ్యమే. ఇప్పుడున్న శరీరానికి సరిపోయే బట్ట వేసుకుని, ఈ వారమే చేయవలసిన పనికి బయలుదేరండి.

9.9 నమూనా పరీక్షా ప్రశ్నలు

I. ఈ కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. రెడీమేడ్ దుస్తుల సైజుల పుట్టుకను వివరించి, వాటి పరిమితులను చర్చించండి.
2. నెలకు రూ. 500 మించకుండా ఒక సంవత్సరానికి మీ దుస్తుల ప్రణాళికను తయారు చేయండి.

II. ఈ కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. సామాజిక పోలిక సిద్ధాంతం
2. ఫిజీ అధ్యయన ఫలితాలు, పరిమితులు