ముక్కలు పంచే డీల్

సెలవులకు బుచ్చిరెడ్డిపాలెం వచ్చిన ఇంజనీరింగ్ కుర్రాడొకడు, కనిగిరి రిజర్వాయరు వైపు నడకకు బయల్దేరిన నన్ను అరుగు మీదే ఆపేశాడు. "ఇది ఎట్ట తప్పవుద్ది సార్?" అంటూ ల్యాప్‌టాప్ ముందుకు జరిపాడు. ఆక్టేవ్ అనే లెక్కల భాషలో ఏ విలువ 2, బి విలువ 8. ఏలోకి వాటి అంకమధ్యమం, బిలోకి గుణమధ్యమం రావాలి. అంటే 5, 4. ఏలో 5 వచ్చింది గానీ బిలో 6.32 కూర్చుంది.

సూత్రాలు రెండూ సరైనవే. తప్పంతా వరసలో ఉంది. చరరాశి నల్లబల్ల మీద గడిలాంటిది. కొత్తది రాయాలంటే పాతది చెరపాలి. మొదటి వాక్యం 2ను చెరిపి 5 రాసేసింది. రెండో వాక్యం పాపం ఆ 5నే 8తో గుణించి వర్గమూలం తీసింది.

పాత విలువను మూడో గడిలో దాచుకోవచ్చు. నాకు మాత్రం ఈ ఒక్క వాక్యమంటేనే ముచ్చట:

[ఏ, బి] = డీల్((ఏ+బి)/2, ఎస్‌క్యూఆర్‌టీ(ఏ*బి))

డీల్ అంటే పేకాటలో ముక్కలు పంచడం. ఇచ్చిన విలువల్ని ఇచ్చిన వరసలోనే తిరిగి పంచుతుంది. ఒక్కటే ఇస్తే అందరికీ అదే పెడుతుంది. ముగ్గురు కూర్చున్నచోట రెండే ముక్కలిస్తే ఆట ఆపేస్తుంది. దాని లోపల ఇంతకు మించి ఏమీ లేదు. కిటుకంతా పిలుపులో ఉంది. ఫంక్షన్‌ను పిలవాలంటే బ్రాకెట్లలోని లెక్కలన్నీ ముందే తేలాలి. ఎడమవైపు గడిని చెరిపేలోగానే కుడివైపు పని పాత 2, పాత 8లతో ముగిసిపోతుంది. "ఒకేసారి" అనేది మాటవరసకే. ముందు అన్నీ చదువు, తర్వాతే రాయి. నియమం అంతే.

పైథాన్‌వాళ్లకు డీల్ కూడా అక్కర్లేదు. ఏ, బి = బి, ఏ అని కామా పెడితే చాలు, విలువలు తారుమారవుతాయి. ఆ ధీమాతో పైథాన్ లెక్కల లైబ్రరీ నంపైలో ఒక మాత్రికలోని రెండు అడ్డువరసల్ని ఇలాగే మార్చబోతే రెండూ ఒకేలా తయారవుతాయి! అక్కడ కుడివైపు వరసను కాగితం మీద ఎక్కించుకోరు, "అదిగో, అక్కడుంది" అని బల్ల మీద వేలు పెట్టి చూపిస్తారంతే. మొదటి వరస మారగానే ఆ వేలు కింద ఉన్నదీ మారిపోతుంది. మ్యాట్‌ల్యాబ్, ఆక్టేవ్‌లలో ఈ గొడవ లేదు.

ఒకే వాక్యంలో పలు గడులు నింపే ఆలోచన పాతదే. 1963 నాటి సీపీఎల్ భాషలోనే ఉంది. ఇక మ్యాట్‌ల్యాబ్ సంగతి: ఫోర్ట్రాన్ భాషలో రాయకుండానే విద్యార్థులు మాత్రికలతో పనిచేయాలని న్యూమెక్సికో విశ్వవిద్యాలయంలో క్లీవ్ మోలర్ దాన్ని రాశాడు. 1984లో అది మ్యాత్‌వర్క్స్ కంపెనీ సరుకైంది. ఆక్టేవ్ అదే బాటలో ఉచితంగా వచ్చింది.

కుర్రాడు డీల్ పెట్టి నడిపాడు. మొదటి చుట్టుకు 5, 4. రెండో చుట్టుకు 4.5, 4.47. రెండు సగటులూ ఒకదాని దగ్గరికొకటి జరుగుతున్నాయి.

మీరు ఏ భాషలో రాసినా, కామా పెట్టేముందు ఒక్కసారి చూసుకోండి: కుడివైపున్నది విలువా, వేలా?