ఆకరనిర్దేశపద్ధతి

పరిశోధనవ్యాసమునం దుదాహరింపఁబడినది పద్యమైనను, శాసనవాక్యమైనను, పూర్వవిమర్శకుని యభిప్రాయమైనను, అది యే గ్రంథమున, ఏ భాగమున, ఏ ముద్రణమునఁ గలదో తెలుపుట ఆకరనిర్దేశ మనఁబడును. అట్లుదాహృతములైన గ్రంథముల నన్నింటిని వ్యాసాంతమున వరుసగాఁ గూర్చినచో నది యాకరసూచిక. ఈ రెండింటిని పాండిత్యప్రకటనమునకై చేర్చెడి యలంకారములుగాఁ గొందఱును, సంపాదకుల నిర్బంధముగాఁ గొందఱును భావింతురు. నిజమునకు వీని ప్రయోజన మొక్కటియే: వ్యాసకర్త చూచిన తావునే పాఠకుఁడును జూచి, చెప్పిన మాట యెంతవఱకు నిలుచునో తానే నిర్ణయించుకొనుట. ఈ ప్రయోజనమును నెఱవేర్పనిది యెంత యందముగా ముద్రితమైనను ఆకరనిర్దేశము కానేరదు.

ఈ పద్ధతి యంతయుఁ బాశ్చాత్యులనుండి వచ్చిన దనుట సరికాదు. మూలములేని దేదియు వ్రాయనని కోలాచల మల్లినాథసూరి వ్యాఖ్యానారంభమునఁ బ్రతిజ్ఞ చేసి, కోశములను, వ్యాకరణసూత్రములను, శాస్త్రగ్రంథములను బేర్కొనుచు నర్థనిర్ణయము చేసెను. అప్పకవి మొదలగు లాక్షణికులు లక్ష్యములను జూపునపుడు కావ్యనామములను దెలిపిరి. మడికి సింగన సకలనీతిసమ్మతమునఁ దాను గూర్చిన పద్యము లే నీతిగ్రంథములలోనివో సూచించెను. ముద్రామాత్యము నేఁడు లభింపకున్నను, అట్టి గ్రంథ మొకటి యుండెనని తెలియుటకును, అందలి పద్యములు కొన్ని దక్కుటకును ఆ సూచనయే యాధారము. పెదపాటి జగ్గన ప్రబంధరత్నాకరమునఁ బద్యములకుఁ గవికావ్యనామములను జేర్చినందుననే, వేటూరి ప్రభాకరశాస్త్రిగారు 1918లోఁ బ్రబంధరత్నావళిని వెలువరించి, కావ్యములు నశించిన కవులను సాహిత్యచరిత్రకుఁ దిరిగి చేర్పఁగలిగిరి. జగ్గన పద్యములను మాత్రమే వ్రాసి పేళ్లను విడిచియుండినచోఁ బద్యములు నిలిచెడివే గాని కవులు నిలువకుండెడివారు.

తెలుఁగు కావ్యముల విషయమునఁ బుటసంఖ్య యొక్కటియే చాలదు. ఒకే కావ్యము పలుమాఱులు, పలుతావుల ముద్రితమగుటచే నొకదానిలోని నూఱవ పుట వేఱొకదానిలో నూటయిరువదవది కావచ్చును. కావునఁ బర్వము, స్కంధము, కాండము, ఆశ్వాసము మొదలగు గ్రంథస్థవిభాగమును, పద్యసంఖ్యను దెలుపుట ముఖ్యము. ఆంధ్రమహాభారతమునందలి 63 ఆశ్వాసములలో అరణ్యపర్వ చతుర్థాశ్వాసము దీనికిఁ దగిన నిదర్శనము. ఆ యాశ్వాసమున శరద్వర్ణనముకడ నన్నయ రచన నిలిచిపోయెను. శేషమును ఎఱ్ఱన పూరించెను. “అరణ్యపర్వము, 4వ యాశ్వాసము” అని మాత్రమే వ్రాసినచో, ఉదాహృతమైన ప్రయోగము 11వ శతాబ్దిదో 14వ శతాబ్దిదో తేలదు. ఒక పదరూపముయొక్క ప్రాచీనతను నిర్ణయింపఁ బూనినవారికి రెండువందల యేండ్లకు మించిన యీ యంతరము స్వల్పము కాదు. పద్యసంఖ్యయు ముద్రణమును బట్టి యొకింత మాఱవచ్చును. వచనములను లెక్కలోఁ జేర్చుట, ప్రక్షిప్తములని తోఁచినవానిఁ దొలఁగించుట యిందుకుఁ గారణములు. అందుచే సందేహమునకుఁ దావున్నచోటఁ బద్యపు మొదటి రెండు మూఁడు పదములను గూడఁ దెలుపుట మేలు.

కర్తృనామమునందును ఇట్టి జాగరూకత యావశ్యకము. ఆంధ్రమహాభాగవతమున నేది యుదాహృతమైనను “పోతన” యని వ్రాయుట యలవాటు. కాని యందుఁ బంచమస్కంధము బొప్పరాజు గంగనది. షష్ఠస్కంధము ఏర్చూరి సింగనది. ఏకాదశ ద్వాదశస్కంధములు వెలిగందల నారయవి. కర్త పేరు గ్రంథమంతటికిఁ గాక, ఉదాహరించిన భాగమునకు సరిపడవలెను.

ఆకరసూచికయందుఁ గర్త, గ్రంథము, పరిష్కర్త, ప్రకాశకులు, స్థలము, ముద్రణసంఖ్య, వత్సరము అను నంశములు క్రమముగా నుండవలెను. ప్రాచీనగ్రంథమునకుఁ బరిష్కర్త పేరు విడువరానిది; పాఠము నిర్ణయించినవాఁ డాతఁడే కదా! ఆంగ్లపత్రికలలో వంశనామము ముందునకు వచ్చుటకై పేరును దలక్రిందు చేసి నడుమఁ గామా నుంచుదురు. తెలుఁగువారి యింటిపేరు సహజముగానే ముందుండును గాన నీ మార్పుతోఁ బనిలేదు. ఆధునికుల నింటిపేరునుబట్టియు, నన్నయ తిక్కనాదులను బ్రసిద్ధనామమునుబట్టియు నకారాదిగాఁ గూర్పవచ్చును. ఇంటిపేరును నొక్క యక్షరముగాఁ గుదించుట తగదు. ఆ యక్షరముతో మొదలగు నిండ్లపేళ్లు పెక్కు గలవు. శ్రీ, గారు మొదలగు గౌరవపదములు వ్యాసమునం దుండవచ్చును గాని సూచికయందు వలదు.

వత్సరముకడఁ బొరపాటులు మెండు. ముఖపత్రమునఁ “బ్రభవ” యని మాత్రమే యున్నచో నది 1867లో మొదలైనదో 1927లో మొదలైనదో యితరాధారములచేఁ దేల్పవలెను. సంవత్సరచక్రము 60 ఏండ్ల కొకమాఱు తిరిగి వచ్చును. గతశకవర్షమునకు 78 కూడినఁ గ్రీస్తుశకము వచ్చుననుట చైత్రమునుండి డిసెంబరు కడవఱకే చెల్లును. శక 1460 చైత్రము క్రీ. శ. 1538లోనిది, ఆ యేఁటి ఫాల్గునము 1539లోనిది. మూలమునం దున్నదానిని ముందు వ్రాసి, లెక్కించి తెలిసికొన్నదానిఁ గుండలీకరణమున నుంచినచోఁ బాఠకుఁడు రెంటిని వేఱుపఱుచుకొనఁగలఁడు.

తాళపత్రప్రతికి భాండాగారనామము, పట్టికాసంఖ్య, పత్రసంఖ్య కావలెను. శాసనమునకు సంపుటము, శాసనసంఖ్య, పంక్తి కావలెను. అంతర్జాలమునఁ జూచిన ప్రతిబింబప్రతియందుఁ దెరపైఁ గానవచ్చు సంఖ్య ముఖపత్రమునుండి లెక్కింపఁబడుటచే ముద్రితసంఖ్యతో సరిపోకుండవచ్చును, నిర్దేశింపవలసినది ముద్రితసంఖ్యయే. మూలమును జూడక మఱొకరి వ్యాసమునుండి గ్రహించినపు డా వ్యాసమును దప్పక పేర్కొనవలెను. లేనిచో నొకరి వ్రాఁతతప్పు పదుగురి ప్రమాణమై చెలామణి యగును. అది యెక్కడఁ బుట్టినదో కనుఁగొనుటయు దుర్లభమగును.

నేఁడు పెక్కు పత్రికలు కర్త పేరును ముద్రణవత్సరమును మాత్రమే వ్యాసమధ్యమునఁ జూపు పద్ధతిని గోరుచున్నవి. నూతనవిమర్శల కది తగును. ప్రాచీనకావ్యమునకు దానినే యన్వయించి నన్నయ పేరిప్రక్క 20వ శతాబ్దిలోని ముద్రణవత్సరము నుంచినచో నపహాస్యమగును. అట్టిచోటఁ గావ్యసంకేతమును, ఆశ్వాసపద్యసంఖ్యలను వ్యాసమధ్యమున నుంచి, ముద్రణవివరములను సూచికకు విడుచుట యుక్తము. 1936లోఁ బ్రథమసంపుటము వెలువడిన సూర్యరాయాంధ్రనిఘంటువు ప్రయోగములకుఁ గావ్యసంకేతములను జూపిన తీరు దీనికి మార్గదర్శకము. “ఆ.” యనునది యాదిపర్వమో యాశ్వాసమో తెలియునట్లు సంకేతముల పట్టిక ముందే యుండవలెను. “పూర్వోక్తము”, “తదేవ” యను పదములను గడపటిసారి వ్యాసమును సరిచూచునపుడే చేర్పవలెను. నడుమ నొక వాక్యము చేరినచో నవి వేఱొక గ్రంథమునకుఁ జెల్లును.

చిహ్నము లెట్లున్నను వ్యాసమంతట నొకే తీరున నుండినఁ జాలును. వ్రాఁతప్రతిని ముద్రణకుఁ బంపుటకుఁ బూర్వము ప్రత్యుదాహరణమును మూలముతో మరల సరిచూచుట మాత్రము విడువరాని పని. స్మృతినుండి వ్రాసిన పద్యమునం దొక యక్షరము మాఱినను, దానిపై నిలిపిన సిద్ధాంత మంతయుఁ గూలును.