మిద్దె మీద వేడినీళ్లు ఎవరికి గిట్టుబాటు?

ఎండకు బిల్లు రాదు కాబట్టి సోలార్ వాటర్ హీటర్ చవక అన్న మాట పెనుకొండ, హిందూపురం, ధర్మవరం వైపు ఇల్లు కట్టుకునే ప్రతివాళ్ల చెవిన పడుతుంది. ఇక్కడి ఎండ మీద ఎవరికీ అనుమానం లేదు. కదిరి అవతల నంబులపూలకుంటలో అంత పెద్ద సోలార్ పార్కు వెలిసింది ఆ ఎండను చూసే. అయితే వేడినీళ్ల ఖర్చును తేల్చేది ఎండ ఒక్కటే కాదు. ఏడాదిలో ఎన్ని రోజులు వాడతాం, మిద్దె నుంచి బాత్రూం దాకా పైపు ఎంత పొడవు, బోరులో వచ్చేది ఎలాంటి నీళ్లు అన్నవే తేలుస్తాయి. ఈ మూడూ దుకాణంలో రాసిచ్చే కొటేషన్‌లో ఉండవు. వాటిని కలిపి చూస్తే, నలుగురున్న మామూలు ఇంటికి మిద్దె మీది హీటర్ పెద్దగా లాభం కాదనే నాకు అనిపిస్తుంది.

ముందు కరెంటు లెక్క చూద్దాం. ఇరవై లీటర్ల బకెట్టు నీళ్లను 22 డిగ్రీల నుంచి 40 డిగ్రీలకు తేవడానికి సుమారు 0.42 యూనిట్లు పడుతుంది. నలుగురు స్నానం చేస్తే 1.7, గీజరులో వృథా అయ్యే వేడిని కలుపుకుంటే రెండు యూనిట్లు. ఈ ప్రాంతంలో ఎండాకాలం వేడినీళ్లు అడిగేవాళ్లు తక్కువ. చలి, ముసురు ఉన్న రోజులు ఐదు నెలలనుకుంటే ఏడాదికి 300 యూనిట్లు. సర్‌చార్జీలతో కలిపి యూనిట్‌కు ఏడు రూపాయలు వేసుకున్నా 2,100 రూపాయలు దాటదు. ఇప్పుడు రెండోవైపు చూడండి. వంద లీటర్ల హీటరు, స్టాండు, పైపులు, కూలి అన్నీ కలిపి 28 వేలనుకుందాం. దాని బదులు కొనాల్సిన గీజరుకూ బిగింపుకూ ఏడు వేలు తీసేస్తే అదనంగా పెట్టేది 21 వేలు. అది తిరిగి రావడానికి పదేళ్లు. ఆ పదేళ్లలో రిపేరు రాకూడదు, గాజు గొట్టాల మీద పిల్లల క్రికెట్ బంతి పడకూడదు.

ఇక ఎత్తు సంగతి. వేడి నీటి ట్యాంకులోకి చన్నీళ్లు వాటంతట అవే దిగాలంటే, సింటెక్స్ ట్యాంకు అడుగుభాగం సోలార్ ట్యాంకు పైభాగం కంటే ఎత్తులో ఉండాలి. వెయ్యి లీటర్ల ట్యాంకు నిండితే నీళ్ల బరువే టన్ను. కాబట్టి దాన్ని స్లాబు నడిమధ్యన ఇటుకలు పేర్చి నిలబెట్టకూడదు, పిల్లర్ల మీద దిమ్మె కట్టించాలి. హీటరు నుంచి పైకి లేచే గాలి గొట్టం సింటెక్స్‌లోని నీటిమట్టం కంటే పైదాకా పోవాలి. కురచగా ఉంటే నీళ్లు దాంట్లోంచే పొర్లి మిద్దెంతా తడుస్తుంది. ఇదంతా మేస్త్రీ, ప్లంబరు చేతి ఖర్చు. హీటరు అమ్మేవాళ్లు ధర చెప్పేటప్పుడు దీని ఊసెత్తరు. లండన్‌లో ఉన్న మనవాళ్లు నీళ్లు కాచే గ్యాసు బాయిలర్‌ను (కాంబీ బాయిలర్) వంటింట్లోంచి అటక మీదికి మార్పిస్తే జరిగేదీ ఇదే. బాయిలర్ ధర మారదు. గ్యాసు పైపు, నీళ్ల పైపులు, పొగ గొట్టం, అటక మీదికి నిచ్చెన, నిలబడటానికి చెక్కలు, లైటు వచ్చి బిల్లులో చేరతాయి.

పైపు పొడవుకు డబ్బుతోపాటు నీళ్లూ ఖర్చే. ముప్పావు అంగుళం పైపు మీటరుకు 0.3 లీటర్ల నీళ్లు పడతాయి. రెండంతస్తుల మీది నుంచి కింది బాత్రూంకి పదిహేను మీటర్లుంటే, వేడి తగిలేలోపు నాలుగున్నర లీటర్ల చన్నీళ్లు పోతాయి. గంటకొకరు చొప్పున నలుగురు స్నానం చేస్తే దాదాపు బకెట్టు నీళ్లు మోరీ పాలు. ట్యాంకరు కోసం వాకిట్లో బిందెలు పెట్టుకుని కాచుకునే సీమలో దీన్ని చిల్లర లెక్క అనలేం. బాత్రూంలో తలుపు పైన సజ్జ మీద పెట్టిన చిన్న గీజరుకు ఈ బాధ ఉండదు.

బోరు నీళ్లలో సున్నపు లవణాలు ఎక్కువ. నీళ్లు అరవై డిగ్రీలు దాటితే అవి విడిపోయి తెల్లగా పేరుకుంటాయి. గీజరునైతే యాభై దగ్గర ఆపుకోవచ్చు, కాయిల్ పోతే మార్చుకోవచ్చు. సూర్యుణ్ణి తగ్గించడానికి నాబ్ లేదు. ఏప్రిల్, మే నెలల్లో మనం నీళ్లు వాడం, హీటరు మాత్రం కాగుతూనే ఉంటుంది. అంటే మనకు అక్కర్లేని రోజుల్లోనే గొట్టాల్లో ఉప్పు ఎక్కువగా కడుతుంది. గోనెపట్టాలు కప్పితే కొంత మేలు. ఇలాంటి సున్నపు నీళ్ల కోసం, వేడిని మాత్రమే దాటించే హీట్ ఎక్స్ఛేంజర్ ఉన్న రకాలున్నాయి గానీ ధర ఎక్కువ.

బెంగళూరులో ప్రతి ఇంటి మీదా ఉన్నాయి కదా, అక్కడివాళ్లు లెక్క తెలియనివాళ్లా అని అడగొచ్చు. అక్కడ చల్లదనం ఎక్కువ, వేడినీళ్ల స్నానం ఏడాది పొడవునా ఉంటుంది. పైగా కొంత కొలత దాటిన ఇళ్లకు సోలార్ హీటరు తప్పనిసరి చేశారు. వాడే రోజులు రెట్టింపైతే తిరిగొచ్చే కాలం సగమవుతుంది. ఉమ్మడి కుటుంబమైతే ఇంకా తగ్గుతుంది. పర్యావరణం మాటేమిటన్నది ఇంకా గట్టి ప్రశ్న. దానికి ఇప్పుడు వేరే దారి ఉంది. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో కరెంటు ప్యానెళ్లకు కిలోవాట్‌కు 30 వేలు, రెంటికి 60 వేలు, మూడుకైనా అంతకు మించినా 78 వేలు సబ్సిడీ ఇస్తున్నారు. వాటర్ హీటర్లకు కేంద్రం ఇచ్చే సబ్సిడీ 2014లోనే ఆగిపోయింది. కిలోవాట్ ప్యానెలు ఎండ రోజున నాలుగు యూనిట్ల దాకా ఇస్తుంది. పగలు గ్రిడ్‌కు పంపింది తెల్లవారుజామున గీజరు వాడకంలో తీసేస్తారు. ఎండాకాలం ఆ కరెంటే ఫ్యాన్లకు, కూలర్‌కు పనికొస్తుంది. వైరులో ఉప్పు కట్టదు, బకెట్టు నీళ్లూ పోవు. మిద్దె మీద ఖాళీ కొంచెమే ఉంటే దాన్ని ప్యానెళ్లకు ఇవ్వడమే మేలు.

అలాగని సోలార్ హీటరు దండగ అనను. రోజూ వందల లీటర్లు కావాల్సిన చోట లెక్క తిరగబడుతుంది. పుట్టపర్తి లాడ్జీలు, హాస్టళ్లు, ఆస్పత్రులు అలాంటివే. ధర్మవరం అద్దకాల షెడ్లయితే మరీ. పట్టునూలులో జిగురు పోవాలంటే సబ్బు నీళ్లలో 95 డిగ్రీల దాకా ఉడకాలి. 25 నుంచి 60 వరకు ఎండే వేడి చేసిస్తే పొయ్యి చేయాల్సిన పని సగమే. రోజుకు 500 లీటర్లు కాచే షెడ్డులో ఆ సగం విలువ మామూలు పొయ్యి మీద ఇరవై కిలోల కట్టెలకు తక్కువ కాదు. అక్కడ పైపు పది అడుగులే, ట్యాంకు పక్కనే, మేలో కూడా నూలు ఉడుకుతూనే ఉంటుంది. ఇళ్లకు ఆపేసిన సబ్సిడీని మళ్లీ ఇవ్వాలనుకుంటే ముందు ఈ షెడ్లకు ఇవ్వాలి. నేతగాళ్లకు మగ్గాల మీద ఇచ్చే సాయంలో అద్దకం పొయ్యిని కూడా చేర్చడానికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు.