‘మీ లైక్ బజ్జీ’ అంటే తప్పేంటమ్మా?

సాయంత్రం ఆరు దాటింది. చిలకలూరిపేటలో ఓ రెండు గదుల ఇల్లు. నాన్న స్పిన్నింగ్ మిల్లులో సెకండ్ షిఫ్టుకి వెళ్ళాడు. అమ్మ పొయ్యి దగ్గరుంది. మూడో తరగతి చదివే పాప గడప మీద కూర్చుని హోంవర్కు చేస్తోంది. నీకు ఇష్టమైనవి ఐదు, ఇష్టం లేనివి ఐదు ఇంగ్లీషులో రాసుకురమ్మంది టీచరు. ఇష్టమైనవాటికి కొదవేముంది! మిరపకాయ బజ్జీ, గోంగూర పచ్చడి, అమ్మమ్మ వాళ్ళ ఊరు, కోటప్పకొండ తిరునాళ్ళు, దీపాలతో వెలిగిపోయే ప్రభ... చకచకా రాసేసింది. మొదటి వాక్యం ‘మీ లైక్ బజ్జీ’. మర్నాడు చూస్తే ఐదింటికీ ఎర్ర సిరాతో ఇంటూలే.

‘‘నాకు అంటే ‘మీ’ అనేగా అమ్మా చెప్పారు! మరి తప్పెట్టా అయింది?’’

అమ్మ ఏడో తరగతితో బడి మానేసింది. ‘నాకేం తెలుసు తల్లీ, మీ టీచర్నే అడుగు’ అనేసింది. కానీ జవాబు ఆమెకీ తెలుసు. తనకు తెలుసన్న సంగతే తెలీదంతే! ఎందుకంటే ఆ పాప ఇంగ్లీషు రాక కాదు, తెలుగు బాగా వచ్చి తప్పు చేసింది.

నాకా... నేనా?

తెలుగులో ‘నేను ఇష్టం’ అనం. ‘నాకు ఇష్టం’ అంటాం. ఆకలేసేది నాకు, జ్వరమొచ్చేది నాకు, కోపం వచ్చేదీ నాకే. ఇష్టం కూడా వాటిలాగే ఎక్కడినుంచో వచ్చి మనల్ని చేరుతుందన్నమాట. మన బడి వ్యాకరణాల్లో ఈ కి, కులు షష్ఠీ విభక్తి ప్రత్యయాలు. ఇది మనకొక్కరికే ఉన్న అలవాటేం కాదు. తమిళులు ‘ఎనక్కు పిడిక్కుం’ అంటారు. హిందీవాళ్ళు ‘ముఝే పసంద్ హై’ అంటారు. ఎక్కడో ఉన్న స్పెయిన్‌వాళ్ళూ ‘మె గుస్తా’ అనే అంటారు. అన్నింట్లోనూ ‘నాకు’లే!

ఇంగ్లీషుకి మాత్రం ఇష్టపడటం కూడా తినడం, పరిగెత్తడం లాంటి పనే. పని అన్నాక చేసేవాళ్ళు ఉండాలి కదా. అందుకే ‘ఐ’ ముందుకొస్తుంది. పిల్లలకు ‘నేను బజ్జీని ఇష్టపడతాను’ అని ఒకసారి తెలుగులో చెప్పించి చూడండి. ఆ మాట కృతకంగానే ఉంటుంది, ఇంట్లో ఎవరూ అలా మాట్లాడరు. కానీ ‘ఐ లైక్ బజ్జీ’కి చేరడానికి అదే వంతెన. నాలుగు రోజులు పోయాక వంతెన అక్కర్లేదు.

ఇక్కడో తమాషా ఉంది. వెయ్యేళ్ళ కిందట ఇంగ్లీషువాళ్ళూ మనలాగే మాట్లాడేవారు! ఈ ‘లైక్’కి మూలమైన పాత మాటకు అర్థం ‘నచ్చు’ అనే. డెన్మార్క్‌కు చెందిన భాషాశాస్త్రవేత్త ఆటో జెస్పర్సన్ ఈ మార్పును రాజుగారు, బేరిపళ్ళు ఉదాహరణతో వివరించాడు. మొదట్లో ఆ వాక్యానికి ‘రాజుగారికి బేరిపళ్ళు నచ్చాయి’ అనే అర్థం. కాలక్రమంలో మాటల చివరి ప్రత్యయాలు అరిగిపోయాయి. ‘రాజుగారికి’లో ‘కి’ ఎగిరిపోయింది. వాక్యం మొదట్లో రాజుగారే ఉన్నారు కాబట్టి చేసేదీ ఆయనే అనుకున్నారు జనం. అలా ‘రాజు ఇష్టపడ్డాడు’ అయి కూర్చుంది. షేక్‌స్పియర్ నాటకాల్లో కూడా పాత పద్ధతి అక్కడక్కడా కనిపిస్తుంది. పేటలో పాప ఆ కాలంలో పుట్టి ఉంటే ఇన్ని ఇంటూలు పడేవి కావేమో!

ఇంట్లో ఒకటే గొడుగు

‘ఐ’ కుదిరాక వచ్చే రెండో చిక్కు ‘ఎస్’. ‘ఐ లైక్’, ‘యు లైక్’, ‘దే లైక్’... బాగానే ఉంది. అమ్మ దగ్గరకొచ్చేసరికి ‘మై మదర్ లైక్స్’. ఎందుకూ అంటే పిల్లలకు అర్థం కాదు. కారణం మళ్ళీ తెలుగులోనే ఉంది. నాకు నచ్చుతుంది, అమ్మకు నచ్చుతుంది, వాళ్ళకు నచ్చుతుంది... మనిషి మారినా మన క్రియ మారదు. వస్తువు మారితేనే మారుతుంది. బజ్జీ అయితే ‘నచ్చుతుంది’, బజ్జీలైతే ‘నచ్చుతాయి’. ఇంగ్లీషులో సరిగ్గా తిరగేసి ఉంటుంది. వస్తువులు ఒకటైనా వందైనా దానికి పట్టదు, ఇష్టపడేది ఎవరన్నదే లెక్క. మామిడిపళ్ళు చాలా ఉన్నాయి కదా అని ‘ఐ లైక్స్ మ్యాంగోస్’ అని రాసే పిల్లలను తిట్టకండి. వాళ్ళ లెక్క వాళ్ళకుంది.

ఇష్టం లేదని చెప్పాల్సి వస్తే గందరగోళం మరీ ఎక్కువ. ‘మై మదర్ డజంట్ లైక్స్ కాఫీ’ అని పెద్దవాళ్ళు కూడా అనేస్తుంటారు. దీనికి గొడుగు కథ చెప్పి చూడండి. ఇంట్లో ఒక్కటే గొడుగు. అన్నయ్య పట్టుకెళితే తమ్ముడు గొడుగు లేకుండానే వెళ్ళాలి. ‘ఎస్’ ఆ గొడుగు. ‘డజ్’ దాన్ని పట్టుకుపోయాక ‘లైక్’కి మిగలదు. ప్రశ్న అడిగినా అంతే... ‘డజ్ షి లైక్ కాఫీ?’. అందుకే ‘డు’ పక్కన, ‘డజ్’ పక్కన ఎప్పుడూ ఒట్టి ‘లైక్’ మాత్రమే.

మరి ‘ఐ యామ్ లైకింగ్ దిస్ సాంగ్’? అదీ మనకు అలవాటైపోయింది. ఇష్టం ఓ స్థితి, జరుగుతూ ఉండే పని కాదు కాబట్టి ‘లైక్’ మామూలుగా అలా సాగదు. చురుకైన పిల్లాడైతే వెంటనే బర్గర్ల కంపెనీ 2003లో తెచ్చిన ‘ఐయామ్ లవిన్ ఇట్’ నినాదాన్ని ఎదురు చూపిస్తాడు. ప్రకటన రాసేవాళ్ళకు పరీక్ష లేదు నాయనా, నీకుంది అని చెప్పడమే!

ఇంకోటి. చుట్టాలింటికి వెళితే ‘టీ తాగుతావా’ అని అడుగుతారు. అందుకు ‘ఐ లైక్ టీ’ అంటే టీ అంటే ఇష్టం అని మాత్రమే, ఇప్పుడు కావాలని కాదు. కావాలంటే ‘ఐ వుడ్ లైక్ సమ్ టీ’. వద్దనుకుంటే ‘ఐ డోంట్ లైక్’ అని మొహం మీద కొట్టినట్టు చెప్పక్కర్లేదు, ‘నో, థ్యాంక్యూ’ చాలు.

పడదు అంటే నచ్చదని కాదు

ఇష్టాలు నేర్పడం మీద ఉన్న శ్రద్ధ అయిష్టాలు నేర్పడం మీద ఉండదు. మన ఇళ్ళలో నచ్చదు, గిట్టదు, పడదు, సయించడం లేదు, మొహం మొత్తింది... ఇన్ని మాటలున్నాయి. ఒక్కోదానికి ఒక్కో అర్థం. ఇంగ్లీషులోకి వచ్చేసరికి అన్నింటికీ కలిపి ‘డోంట్ లైక్’ ఒక్కటే చేతిలో పెడుతున్నాం. గుడ్డు తింటే ఒళ్ళంతా దద్దుర్లొచ్చే పిల్లాడు బడిలో ‘ఐ డోంట్ లైక్ ఎగ్’ అంటే టీచరు ఏమనుకుంటారు? మారాం చేస్తున్నాడనుకుని తినమంటారు. వాడు చెప్పాల్సింది ‘ఎగ్ మేక్స్ మి సిక్’. ఈ ఒక్క వాక్యం పది వ్యాకరణ సూత్రాల కంటే ముందు నేర్పాలి.

నేను చదివిన ఓ బడిలో (పేరెందుకులెండి) తెలుగు మాట్లాడితే రూపాయి జరిమానా. వెనక బెంచీ కుర్రాడు రోజూ కంపాస్ ముల్లుతో గుచ్చేవాడు. ఖాళీలు పూరించమంటే ‘డోంట్ లైక్’ అని ఠక్కున రాసే నేను ఆ సంగతి ఎవరికీ చెప్పలేకపోయాను. ఇంగ్లీషులో ఎలా చెప్పాలో తెలీదు, తెలుగులో చెబితే రూపాయి పోతుంది. నెల తర్వాత చొక్కా మీద నెత్తుటి చుక్కలు చూసి అమ్మే అడిగింది. అందుకే ‘స్టాప్ ఇట్. ఐ డోంట్ లైక్ ఇట్’ అని గట్టిగా అనడం ఇంట్లోనే అలవాటు చేయించండి. ఎవరైనా ఒంటి మీద చెయ్యి వేసినా, ఏడిపించినా ఏ భాష నోటికొస్తే ఆ భాషలో అరవమని, దానికి జరిమానా ఉండదని కూడా చెప్పండి.

ఇక ఇంట్లో సాధన అంటారా, అమ్మకు ఇంగ్లీషు రాకపోయినా ఇబ్బంది లేదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో 2020-21లో ఒక పేజీలో ఇంగ్లీషు, ఎదుటి పేజీలో తెలుగు ఉండే పాఠ్యపుస్తకాలు వచ్చాయి. అమ్మ తెలుగు పేజీ చదివితే పిల్లలు ఇంగ్లీషు పేజీ చదవొచ్చు. పుస్తకం లేకపోతే పాత క్యాలెండర్ వెనక వైపు చాలు. ఇంట్లో వాళ్ళందరి ఇష్టాయిష్టాలూ అడిగి రాయమనాలి. నాన్న, నానమ్మ, తమ్ముడు... తలా ఒక వాక్యం. అడగడం తెలుగులో, రాయడం ఇంగ్లీషులో.

పేటలో పాప కూడా అలాగే మొదలుపెట్టింది. తనకు నచ్చనివి నాలుగు రాసింది. కాకరకాయ, కరెంటు పోవడం, ఇంజక్షను, సోమవారం. ఐదోది తోచలేదు. ‘‘నీకేం నచ్చదమ్మా?’’ అని అడిగింది.

అమ్మ అట్లకాడ పక్కనపెట్టి కాసేపు ఆలోచించింది. ‘‘మీ నాన్న సెకండ్ షిఫ్టు’’ అంది.

పాప రాసుకుంది. ‘మై మదర్ డజంట్ లైక్ సెకండ్ షిఫ్ట్.’ గొడుగు డజ్ దగ్గరే ఉంది.