మీటరు పరుగు... మన మరుపు

శంకర్‌పల్లిలో ఇల్లు, గచ్చిబౌలిలో ఉద్యోగం. గుంటూరులో కాపురం, వెలగపూడిలో కొలువు. ఇలా రోజూ కారెక్కేవాళ్లు రానూపోనూ 60 కిలోమీటర్లు తిరుగుతారనుకుందాం. నెలకు 25 రోజులు వేసుకున్నా 1,500, ఏడాదికి 18,000 కిలోమీటర్లు. పెళ్లిళ్లు, పేరంటాలు, తిరుపతి ప్రయాణాలు ఈ లెక్కలో లేవు. సర్వీసింగ్ మాత్రం ఏడాదికోసారే!

చాలా పెట్రోలు కార్ల మాన్యువల్లో ‘10,000 కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందైతే అది’ అని ఉంటుంది. మనకు ఏడాది గుర్తుంటుంది, కిలోమీటర్లు గుర్తుండవు. పై లెక్కన ఆ 10,000 ఏడో నెలలోనే నిండిపోతుంది.

నిజానికి మీటరూ అంతా చెప్పదు. సాయంత్రం ఆరింటికి హైటెక్ సిటీ నుంచి కూకట్‌పల్లి బయల్దేరితే మీటరు మీద కదిలేది కొద్ది కిలోమీటర్లే. ఇంజిన్ మాత్రం గంటసేపు తిరుగుతూనే ఉంటుంది, ఆయిల్ కాగుతూనే ఉంటుంది. ఆగుతూ సాగే ట్రాఫిక్, దుమ్ము రోడ్లు, పొట్టి ప్రయాణాలను మాన్యువల్ ‘కఠిన వాడకం’ కింద లెక్కేసి, ఆయిలూ ఎయిర్ ఫిల్టరూ ముందే మార్చమంటుంది. కంపెనీవాళ్లకు కఠినమైనది మనకు మామూలు సోమవారం!

ఆయిల్ చూసుకోవడానికి మెకానిక్ అక్కర్లేదు. బండిని సమతలంగా ఉన్నచోట ఆపి, ఇంజిన్ కట్టేసి పది నిమిషాలు ఆగండి. డిప్‌స్టిక్ తీసి, గుడ్డతో తుడిచి, మళ్లీ పూర్తిగా దించి తీయండి. ఆయిల్ రెండు గుర్తుల మధ్య ఉంటే సరే. నల్లబడిందని కంగారు వద్దు, డీజిల్ బండిలో త్వరగానే నల్లబడుతుంది. పాలు కలిపిన కాఫీలా కనిపిస్తే మాత్రం కూలెంట్ కలిసి ఉండొచ్చు. ఇక స్టార్ట్ చేయకుండా మెకానిక్‌నే ఇంటికి పిలవండి.

అన్నిటికన్నా మనం చిన్నచూపు చూసేది టైర్లను. ఎంత గాలి పట్టించాలో డ్రైవర్ తలుపు పక్కన అంటించిన స్టిక్కరు మీదే ఉంటుంది. ఒక్కరే వెళ్లేటప్పుడు ఒక అంకె, నిండుగా జనం, సామాను ఉంటే ఇంకో అంకె. గాలి చూడాల్సింది టైరు చల్లగా ఉన్నప్పుడు. విజయవాడ హైవే మీద వంద కిలోమీటర్లు పరిగెత్తాక పంక్చర్ షాపులో చూపిస్తే ఎక్కువే చూపిస్తుంది. అది చూసి దింపించేశారో, చల్లారాక గాలి తక్కువై పక్క గోడలు నలుగుతాయి. టైరు గాడిలో అక్కడక్కడా చిన్న గట్లు కనిపిస్తాయి. ఎత్తు 1.6 మిల్లీమీటర్లు. టైరు అరిగి ఆ గట్లతో సమానమైందంటే మార్చాల్సిందే. టైరు పక్క గోడ మీది నాలుగంకెలూ చూడండి. 2321 అంటే 2021లో 23వ వారం తయారైందని. ఒక్క అంచే అరుగుతుంటే తప్పు టైరుది కాకపోవచ్చు, అలైన్‌మెంట్ చూపించండి.

బ్రేక్ ఆయిల్ కూడా మార్చాలని చాలామందికి తెలియదు. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ చేరేకొద్దీ తక్కువ వేడికే మరుగుతుంది. శ్రీశైలం ఘాట్ దిగేటప్పుడు బ్రేకు మీంచి కాలు తీయకపోతే పెడల్ మెత్తబడేది అందుకే. సాధారణంగా రెండేళ్లకోసారి మార్పించి, ఘాట్‌లో దిగేటప్పుడు కింది గేరులో రండి.

డెలివరీ కుర్రాళ్ల బైకుల సంగతి మరీ అన్యాయం. రోజుకు వంద కిలోమీటర్లు తిరిగే బండికి నెలకు 3,000 అవుతుంది. చాలా బైకులకు చైను శుభ్రం చేసి ఆయిల్ వేయాల్సింది సుమారు 500 కిలోమీటర్లకోసారి. అంటే వారం తిరక్కముందే! సంపాదించిపెట్టే బండికి ఆ పావుగంట ఇవ్వాలి.

ఇంకో సంగతి. సర్వీసింగ్‌కి ఇవ్వగానే ఇంజిన్ ఫ్లషింగ్, ఇంజెక్టర్ క్లీనింగ్ అంటూ బిల్లు పెంచే చోట్లున్నాయి. మాన్యువల్లో ఉందా అని అడగండి. లేకపోతే, ఏ ఇబ్బందికి చేస్తున్నారో చెప్పమనండి. చెప్పలేకపోతే మొహమాటపడకుండా వద్దనండి. ఆ డబ్బు బ్రేక్ ప్యాడ్లకో టైర్లకో పెట్టుకోవచ్చు. పొదుపు చేయకూడని చోట్లు ఆ రెండూ.

సంక్రాంతికి ఊరెళ్లే ముందురోజు షెడ్డుకు వెళ్తే అక్కడ అందరూ మీలాంటివాళ్లే ఉంటారు, మేస్త్రీ పైపైన చూసి పంపేస్తాడు. పది రోజుల ముందే చూపించుకోండి. స్టెప్నీలో గాలి కూడా పట్టించండి.