అప్‌డేట్ ఆగిందా? ముందు డిస్కును అడగండి

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు ఆపేసింది. సింగరేణి కార్మికులకు లాభాల వాటా, దీపావళి బోనస్ చేతికందే రోజులు కూడా అవే. రామగుండం దగ్గరి సెంటినరీ కాలనీలో కంప్యూటర్లు బాగుచేసే నాకు ఆ సీజనంతా ఒకటే పని: విండోస్ 11కు మారబోయి మధ్యలో ఆగిపోయిన ల్యాప్‌టాపులు. ఎక్కువ భాగం 2018, 2019 ప్రాంతంలో కొన్నవి. ఎనిమిదో తరం ప్రాసెసర్, టీపీఎం 2.0, కొత్త విండోస్ అడిగేవన్నీ ఉన్నవే. లోపల మాత్రం ఒక టెరాబైట్ హార్డ్ డిస్క్. నిమిషానికి 5,400 చుట్లు తిరుగుతూ ఆరేడేళ్లు గడిపింది.

వాటిలో ఒకటి మైనింగ్ సర్దార్‌గా రిటైరైన కాకది. "నెట్టు మంచిగ లేదేమో బిడ్డా, అరవై శాతం దాక పోతది, మళ్ల ఎనుకకు మళ్లుతది. మా అల్లుడు హాట్‌స్పాట్ పెట్టినా గదే కథ" అన్నాడు. చూసి చెప్పాను: "నెట్టు కాదు కాకా, డిస్క్ పోతాంది." ఆయన నమ్మలేదు. పాటలు వినపడుతున్నాయి, ఫొటోలు తెరుచుకుంటున్నాయి, డిస్క్ పోతే ఇవన్నీ ఎట్లా నడుస్తాయని ఆయన ప్రశ్న. న్యాయమైన ప్రశ్నే.

రోజువారీ వాడకంలో కంప్యూటర్ తిప్పితిప్పి చదివేవి కొన్ని ఫైళ్లే. అప్‌డేట్ అట్లా కాదు. గిగాబైట్ల కొద్దీ సరుకు దింపుకుని విప్పుతుంది. పాత సిస్టమ్ ఫైళ్లను ఒక్కొక్కటిగా సరిచూస్తుంది. నచ్చకపోతే పది రోజుల్లో వెనక్కి వెళ్లే వీలుండాలని పాత విండోస్ మొత్తాన్నీ పక్కన దాచిపెడుతుంది. అంటే ఏళ్ల తరబడి ఎవరూ చదవని మూలలకు కూడా వెళ్తుంది. డిస్కు అరిగిపోయింది ఆ మూలల్లోనే అయితే, అప్పటిదాకా ఎవరికీ తెలియదు. ఈ కాలపు డిస్కులో ఒక సెక్టర్ 4,096 బైట్లు. అందులో ఒక్కటి చదవడానికి రాకపోయినా డిస్కు మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. మనకు మాత్రం తెర మీద శాతం కదలదు. చివరికి డిస్కు చేతులెత్తేస్తుంది. విండోస్ చేసిన మార్పులన్నీ రద్దు చేసుకుని పాత చోటికి వస్తుంది. ఎర్రర్ నంబర్ చివర 8007045డి అని ఉంటే పరికరం నుంచి చదవడం, అందులో రాయడం కుదరలేదని అర్థం. 80070570 అయితే ఫైలు పాడైంది, లేదా చదవడానికి రావడం లేదు. చోటు చాలకపోయినా, డ్రైవర్ కుదరకపోయినా అప్‌డేట్ ఆగుతుంది కాబట్టి ఒక్క నంబర్ చూసి తీర్పు చెప్పకూడదు.

భూగర్భ గనిలో మనుషుల్ని లోపలికి పంపేముందు సర్దార్ కర్రతో రూఫ్ కొట్టి వింటాడు. గట్టిగా ఉన్నది ఖణేల్మంటుంది, పొర విడిచింది గుల్లగా పలుకుతుంది. డిస్కుకూ అట్లాంటి పరీక్ష ఉందనగానే కాక ముందుకు వంగాడు. 1990ల నుంచి హార్డ్ డిస్కులు తమ ఆరోగ్యాన్ని తామే రాసిపెట్టుకుంటున్నాయి. ఆ లెక్క పేరు స్మార్ట్. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్‌లో అది కనపడుతుంది. నీలం అయితే బాగున్నట్టు, పసుపు అయితే జాగ్రత్త, ఎరుపు అయితే అయిపోయినట్టు. రంగు కంటే నేను చూసేది మూడు వరుసలు. 05 అనేది చెడిపోయి వేరే చోటికి మార్చిన సెక్టర్ల లెక్క. సీ5 అనేది చదవడానికి మొరాయిస్తూ తీర్పు కోసం ఆగినవి. సీ6 అనేది డిస్కు తనను తాను పరీక్షించుకున్నప్పుడు చదవలేకపోయినవి. కాక ల్యాప్‌టాప్‌లో సీ5 పెరుగుతూ పోతోంది. డెస్క్‌టాప్‌లో సీ7 ఒక్కటే పెరుగుతుంటే మాత్రం సంతోషించండి. తప్పు ఎక్కువసార్లు కేబుల్‌దే.

ఈ పరీక్షకూ హద్దుంది. 2007లో గూగుల్ ఇంజనీర్లు లక్షకు పైగా డిస్కుల మీద చేసిన అధ్యయనం ప్రకటించారు. స్కాన్‌లో మొదటి తప్పు కనపడ్డ డిస్కు, తప్పులేని దానికంటే 39 రెట్లు ఎక్కువగా 60 రోజుల్లోపు చెడిపోయే అవకాశముందని తేలింది. అయితే చెడిపోయిన వాటిలో సగానికి పైగా డిస్కుల్లో ఆ ముఖ్యమైన గుర్తులేవీ ముందుగా కనపడలేదు. వేడికీ డిస్కు చావుకూ అనుకున్నంత సంబంధమూ దొరకలేదట. మా దగ్గర మాత్రం అందరి అనుమానం ఓపెన్‌కాస్ట్ గని (ఓసీపీ) దుమ్ము మీదే. ఆ దుమ్ము ఫ్యాన్‌ను చంపుతుంది గానీ, ఫిల్టర్ ఉన్న డిస్కు లోపలికి పోదు. ఆన్‌లో ఉన్న ల్యాప్‌టాప్‌ను మంచం మీదికి విసిరే పిల్లలు దుమ్ము కంటే ప్రమాదం.

ఇక మా వృత్తిలో నాకు నచ్చని మందు ఒకటుంది: "ఫార్మాట్ కొడదాం." కొత్త విండోస్ డిస్కులో మంచి చోట పడితే కొన్నాళ్లు పరుగులు పెడుతుంది. గుల్ల చోటు గుల్లగానే ఉంటుంది. తర్వాతి పెద్ద అప్‌డేట్‌కు అదే కథ, ఈసారి ఫొటోలు కూడా పోయి. విండోస్‌లోనే ఉండే చెక్‌డిస్క్ కూడా అంతే. కాపీ తీయకముందే చెడు సెక్టర్ల వెతుకులాట మొదలుపెడితే, నీరసించిన డిస్కును గంటల తరబడి పరుగెత్తించినట్టవుతుంది.

కాబట్టి వరుస ఇది. అప్‌డేట్‌ను మళ్లీ మళ్లీ నొక్కడం ఆపాలి. ముఖ్యమైన కాగితాలు, ఫొటోలు వెంటనే బయటి డ్రైవ్‌లోకి తీయాలి. మొత్తం డిస్కు కావాలంటే డీడీరెస్క్యూ అనే ప్రోగ్రామ్‌తో నకలు తీయాలి. అది మంచి భాగాలను ముందు తీసుకుని, మొండి చోట్లకు తర్వాత తిరిగి వస్తుంది. ఆ తర్వాతే ఎస్‌ఎస్‌డీ పెట్టి కొత్తగా విండోస్ వేయాలి. కాక పెన్షన్ కాగితాలు, మనవడి సర్టిఫికెట్లు అన్నీ దక్కాయి. ఒక పెళ్లి వీడియోలో కొంత ముక్క దక్కలేదు.

ఎస్‌ఎస్‌డీ తిరగదు గానీ, అదీ రాతకు అరుగుతుంది. దాని స్మార్ట్ లెక్కలో మిగిలిన ఆయుష్షు శాతంలో కనిపిస్తుంది. కంపెనీ చెప్పిన రాత పరిమితి మొత్తం వాడేసిన ఎస్‌ఎస్‌డీ కరెంటు లేకుండా 30 డిగ్రీల దగ్గర ఒక ఏడాది డేటా నిలపాలని జెడెక్ అనే సంస్థ ప్రమాణం. వేడి పెరిగేకొద్దీ ఆ గడువు తగ్గుతుంది. మే నెలలో రామగుండం వేడి తెలిసినవాళ్లు పాత ఎస్‌ఎస్‌డీని బీరువాలో పడేసి అదే బ్యాకప్ అనుకోవద్దు.

మీ ల్యాప్‌టాప్‌లో ఇంకా తిరిగే డిస్కే ఉంటే, అప్‌డేట్ బటన్ నొక్కే ముందు సర్టిఫికెట్లు, పెన్షన్ కాగితాలు, ఫొటోలు ఇంకోచోటికి కాపీ చేయండి. దుకాణానికి తెచ్చినప్పుడు "ఫార్మాట్ కొట్టు" అనకండి. "సీ5 ఎంతుందో చూపించు" అని అడగండి.